రాత్రి కాన్పులు ఆపేముందు ఊరిని అడిగారా? తిరుపతి స్టూడియోలో జరిగిన చర్చ

(చిత్తూరు జిల్లా పడమటి వైపు ఒక మండలంలో పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) రాత్రి కాన్పులు ఆపేసి, గర్భిణులను ఏరియా ఆసుపత్రికి పంపాలన్న ప్రతిపాదన మీద గొడవ నడుస్తోంది. దాని మీద జరిగిన చర్చ ఇది. మాట మీద మాట పడినచోట అలాగే ఉంచాను. ఆశా కార్యకర్తకు దొరికిన సమయం తక్కువ. ఆమె చెప్పింది మాత్రం దయచేసి ఆగి చదవండి.)

వ్యాఖ్యాత: నమస్కారం. మన ఊరి ఆసుపత్రి ఎలా నడవాలో మనల్ని అడగాలా, వద్దా? నలుగురికీ సమాన సమయం ఇస్తాం. సర్పంచ్ గారూ, మీతోనే మొదలుపెడదాం.

మాజీ సర్పంచ్: అడగలేదు సార్, అంతే విషయం. గోడకు కాగితం అంటించి పోయారు. 1992లో 73వ రాజ్యాంగ సవరణ వచ్చింది. 11వ షెడ్యూల్‌లో పంచాయతీలకు 29 అంశాలు రాశారు. ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు వాటిలో ఉన్నాయి. మరి మమ్మల్ని అడక్కుండా...

రిటైర్డ్ అధికారి: ఒక్క మాట. రాష్ట్రం అప్పగించవచ్చు అని ఉందండీ, అప్పగించి తీరాలని లేదు.

మాజీ సర్పంచ్: అదే కదా మా బాధ! కేరళలో 1996లో ప్రజా ప్రణాళిక మొదలుపెట్టారు, పీహెచ్‌సీలు పంచాయతీల చేతికి వచ్చాయి. అక్కడ అయ్యేది ఇక్కడ ఎందుకు కాదు?

వ్యాఖ్యాత: ఇంత గొడవ ఎందుకండీ? వాట్సాప్‌లో ఓటింగ్ పెడితే ఒక్క రోజులో తేలిపోతుంది కదా! డాక్టరు గారూ?

రిటైర్డ్ డాక్టర్: వాట్సాప్ సంగతి తర్వాత. కాన్పు అయ్యాక రక్తస్రావం ఎక్కువైతే రెండు గంటల్లో ప్రాణం పోవచ్చు. పీహెచ్‌సీలో రక్తం ఉండదు, మత్తు డాక్టర్ ఉండరు. నెలకు రెండు మూడు కాన్పులు చేసే చోట సిస్టర్లకు చేయి తిరగదు. మైదానంలో 30 వేల మందికి, కొండ ప్రాంతంలో 20 వేల మందికి ఒక పీహెచ్‌సీ అని లెక్క. అన్నిచోట్లా ఆపరేషన్ థియేటర్ నడపగలమా?

మాజీ సర్పంచ్: థియేటర్ ఎవరడిగారు సార్? మా ఊళ్లో...

డాక్టర్: నన్ను పూర్తి చెయ్యనివ్వండి...

మాజీ సర్పంచ్: ...మా ఊళ్లో పుట్టిన పిల్లలంతా ఆ గదిలోనే పుట్టారు! చిత్తూరు నుంచి వేలూరు 35 కిలోమీటర్లు, తిరుపతి 70. అందుకే జబ్బు చేస్తే మనవాళ్లు తమిళనాడుకు పోతారు. మన ప్రాంతంలో ఆసుపత్రులు పెట్టేటప్పుడు ఎవరైనా మనల్ని అడిగారా?

వ్యాఖ్యాత: అసలు వేలూరుకు అంతమంది ఎందుకు పోతున్నారు?

(తర్వాత నాలుగు నిమిషాలు వేలూరు బస్సులు, అక్కడి లాడ్జీలు, ఓపీ చీటీల మీద సాగింది. అసలు విషయంతో సంబంధం లేదు కాబట్టి వదిలేశాను.)

అధికారి: మళ్లీ విషయానికి వద్దాం. అడిగే ఏర్పాటు లేదనడం తప్పు. 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చాక ఊరూరా ఆరోగ్య, పారిశుధ్య కమిటీలు పెట్టారు. ఏడాదికి 10 వేల రూపాయలు. సర్పంచ్, ఏఎన్‌ఎం (ఊళ్లకు తిరిగే ఆరోగ్య కార్యకర్త) ఇద్దరి సంతకంతో ఖర్చు పెట్టాలి. సర్పంచ్ గారూ, మీ హయాంలో ఆ కమిటీ ఎన్నిసార్లు కూర్చుంది?

మాజీ సర్పంచ్: పది వేలతో ఏమొస్తుందండీ? బ్లీచింగ్ పౌడరుకే చాలదు!

అధికారి: కమిటీ ఎన్నిసార్లు కూర్చుందని అడిగాను.

మాజీ సర్పంచ్: నన్ను అడగడం కాదు, ఊరిని ఎందుకు అడగలేదో మీరు చెప్పండి!

వ్యాఖ్యాత: వాట్సాప్ అయితే కమిటీతో పనే లేదు కదా. అమ్మా, మీరు చెప్పండి.

ఆశా కార్యకర్త: ఫోన్ అంటారా సార్, చాలా ఇళ్లల్లో అది మగవాళ్ల చేతిలోనే ఉంటుంది. గ్రామసభ పదకొండు గంటలకు పెడతారు. తెల్లారితే పాల కేంద్రం, ఆ తర్వాత ఉపాధి పని. గర్భిణులు ఎవరు వస్తారు? కోడలి కాన్పు గురించి సభలో మాట్లాడేది మామ. నేను ఇంటింటికీ పోతాను కాబట్టి చెప్తున్నా, వాళ్లు ఆ గది కావాలని పట్టుబట్టడం లేదు. రాత్రి రెండు గంటలకు నొప్పులొస్తే బండి వస్తుందా అన్నదే వాళ్ల భయం. అత్త తోడు పోతే అక్కడ పడుకోవడానికి చోటు ఉండదు. ఇంట్లో ఆవులకు మేత వేసేవాళ్లు ఉండరు. ఇవి తేల్చితే సగం మంది...

మాజీ సర్పంచ్: చూశారా, అమ్మ కూడా నా మాటే చెప్తోంది!

ఆశా కార్యకర్త: లేదన్నా, నేను చెప్పేది వేరే. గది ఉంచాలా వద్దా అని...

మాజీ సర్పంచ్: 108 బండి 2005 నుంచి ఉంది. ఇరవై ఏళ్లయినా రాత్రి భయం పోలేదంటే తప్పు ఎవరిది? అడగకపోవడం వల్లే!

డాక్టర్: బండి మీద నేనూ అమ్మతో ఏకీభవిస్తాను. అసలు తొమ్మిదో నెల వచ్చినవాళ్లను ముందే తెచ్చి ఆసుపత్రి పక్కన ఉంచే ఇల్లు ఒకటి ఉంటే...

వ్యాఖ్యాత: దాన్ని వాట్సాప్ ఓటింగ్‌లో ఒక ప్రశ్నగా పెట్టవచ్చు!

అధికారి: ఓటింగ్‌తో వైద్యం తేలదండీ.

మాజీ సర్పంచ్: అయితే ప్రజలకు తెలియదంటారా? అదీ సంగతి! ఆ మాట మా ఊరికి వచ్చి చెప్పండి!

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. ఆశా కార్యకర్త రెండుసార్లు చేయి ఎత్తింది.)

వ్యాఖ్యాత: సమయం అయిపోతోంది. చివరి అర నిమిషం సర్పంచ్ గారికి.

డాక్టర్: రక్తం లేనిచోట కాన్పు ఎలా చేస్తారో జవాబు రాలేదు.

మాజీ సర్పంచ్: జవాబు గ్రామసభలో చెప్తాం. ముందు ఆ కాగితం తీసెయ్యండి. అడగండి. ఆ తర్వాతే మాట.

వ్యాఖ్యాత: అడగాలి, నిజమే. వాట్సాప్ మీద రేపు మళ్లీ మాట్లాడుకుందాం.

ఆశా కార్యకర్త: సార్, సభ సాయంత్రం ఆరు తర్వాత పెట్టమని...

(ఇక్కడ ప్రసారం ఆగింది.)