లోడు మీద ఇంజిన్ మిస్ కొడుతుంటే: పాత పికప్ బండ్లపై ఫోన్-ఇన్

(వరంగల్ నుంచి ప్రసారమైన ఫోన్-ఇన్ కార్యక్రమానికి అక్షర రూపం. స్టూడియోలో శ్రోతలతో మాట్లాడింది ఆటోనగర్‌లో చాలా ఏళ్లుగా డీజిల్ బండ్లు చూస్తున్న సీనియర్ మెకానిక్.)

యాంకర్: శ్రోతలకు నమస్కారం. మిర్చి సీజన్ మొదలైంది. ఏనుమాముల మార్కెట్ దారిలో తెల్లారకముందే బండ్ల లైను కడుతున్నది. అందులో పాత పికప్‌లు చాలానే కనిపిస్తాయి. లోడుతో వస్తుంటే ఇంజిన్ మిస్ కొడితే, అంటే మధ్యమధ్యలో దెబ్బ తప్పి గుంజుకుంటూ నడిస్తే, డ్రైవరుకు ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు. ఈ రోజు ఆ సమస్య మీదే మాట్లాడుకుందాం. మేస్త్రి గారూ, నమస్తే. పరకాల నుంచి మొదటి కాల్ అప్పుడే లైన్లో ఉంది.

పరకాల శ్రోత: నమస్తే అన్నా. నాది 2009 మోడల్ డీజిల్ పికప్. ములుగు దిక్కు ఊళ్ల నుంచి మిర్చి బస్తాలు తెస్తా. ఖాళీగా పోతే మంచిగానే పోతుంది. లోడు పెట్టి గడ్డ ఎక్కితే గుంజుకుంటది, ఆగిపోయేటట్టు చేస్తది. ఇంజిన్‌లోకి డీజిల్ పిచికారీ చేసే నాజిళ్లు నాలుగూ కొత్తవి వేయించిన, తేడా రాలేదు. ఇప్పుడు డీజిల్ పంపు విప్పాలని అంటున్నరు.

మెకానిక్: పంపు జోలికి ఇప్పుడే పోవద్దు తమ్ముడూ. ముందు నేను అడిగినవి చెప్పు. నిలబెట్టి స్లోలో పెట్టినప్పుడు, మిస్ ఒకే లెక్కన డబ్, డబ్ అని వస్తున్నదా? లేక ఒకసారి వచ్చి, కాసేపు మంచిగా నడిచి, మళ్లీ వస్తున్నదా?

పరకాల శ్రోత: లెక్క లేదన్నా. స్లోలో అయితే దాదాపు రాదు.

మెకానిక్: పొద్దున స్టార్టింగ్ ఎట్లా ఉంది?

పరకాల శ్రోత: సెల్ఫ్ చాలాసేపు కొట్టాలి. ఒక్కోసారి ఫిల్టర్ మీది హ్యాండ్ పంపు కొడితేనే స్టార్ట్ అవుతుంది.

మెకానిక్: ట్యాంకు నిండా ఉన్నప్పుడు, సగానికి తగ్గినప్పుడు తేడా ఏమన్నా గమనించావా?

పరకాల శ్రోత: ఇప్పుడు మీరు అడిగితే యాదికొస్తున్నది. బంకులో ఫుల్ కొట్టించిన రోజు జర నయమే ఉంటుంది.

మెకానిక్: అయితే నీ బండి డీజిల్‌తో పాటు గాలి తాగుతున్నది. ఒక సిలిండర్ పాడైతే మిస్ లెక్కగా వస్తుంది, స్లోలోనే బాగా తెలుస్తుంది. నీది లెక్క లేకుండా, లోడు మీద వస్తున్నది. హ్యాండ్ పంపు కొడితే తప్ప స్టార్ట్ కావట్లేదంటే రాత్రంతా పైపులోకి గాలి చేరి డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతున్నట్టు. ట్యాంకు నిండుగా ఉంటే డీజిల్‌ను ఎక్కువ ఎత్తుకు గుంజే పని ఉండదు, అందుకే ఆ రోజు నయం అనిపిస్తుంది.

పరకాల శ్రోత: కానీ అన్నా, ఎక్కడా డీజిల్ కారట్లేదు. కింద చుక్క కూడా పడదు.

మెకానిక్: అక్కడే చాలామంది దారి తప్పుతారు. ట్యాంకు నుంచి డీజిల్ గుంజే చిన్న పంపును ఫీడ్ పంపు అంటారు. అక్కడి దాకా ఉన్న పైపులో డీజిల్‌ను నెట్టడం ఉండదు, గుంజడమే ఉంటుంది. కొబ్బరిబోండంలో వేసిన స్ట్రాకు చిల్లు పడితే నీళ్లు బయటికి కారవు కదా, నోట్లోకి గాలి వస్తుంది. ఇదీ అంతే. చుక్క కారకుండానే గాలి దూరుతుంది. ఆ గాలి పెద్ద డీజిల్ పంపు దాకా పోతే, డీజిల్‌లాగా దాన్ని నొక్కి నాజిల్ తెరిపించడం కాదు. గాలి నొక్కుకుపోతుంది, నాజిల్ తెరుచుకోదు, ఆ దెబ్బ మిస్ అవుతుంది.

యాంకర్: ఆ గాలి ఎక్కడి నుంచి వస్తున్నదో ఎట్లా పట్టుకోవాలి?

మెకానిక్: పెద్ద ఖర్చేం లేదు. డీజిల్‌కు తట్టుకునే పారదర్శకమైన పైపు ముక్కను ఫీడ్ పంపు ముందు, వచ్చే దారిలో క్లిప్పులతో బిగించాలి. ఇంజిన్ నడిపించి చూస్తే బుడగలు కంటికే కనిపిస్తాయి. తర్వాత ట్యాంకు పైపు తీసేసి, శుభ్రమైన డబ్బాలో డీజిల్ పోసి, అందులో నుంచి నేరుగా గుంజనివ్వాలి. అప్పుడు బుడగలు పోయి ఇంజిన్ మంచిగా నడిస్తే తప్పు ట్యాంకుకు, డబ్బా పైపు తగిలించిన చోటుకు మధ్యలోనే ఉంది. పగిలిన రబ్బరు గొట్టం, ఛాసిస్‌కు రాసుకుని అరిగిన పైపు, వదులైన క్లిప్పు. డబ్బా పెట్టినా బుడగలు వస్తుంటే ఫీడ్ పంపు దగ్గరి జాయింట్లు చూడాలి. రాగి వాషర్లు పాతవే మళ్లీ బిగించి ఉంటారు. ప్రతిసారీ కొత్తవి వేయాలి, వాటి ఖరీదు ఎంతని! ఫిల్టర్ మూత రబ్బరు రింగు కూడా చూడు.

పరకాల శ్రోత: బుడగలు లేకపోతే?

మెకానిక్: అప్పుడు గాలి కాదు, డీజిల్ చాలట్లేదు. లోడు మీద ఇంజిన్ ఎక్కువ డీజిల్ అడుగుతుంది, దారిలో ఏదో అడ్డం ఉంది. మిస్ వచ్చినప్పుడు బండి పక్కకు ఆపి ట్యాంకు మూత తీసి చూడు. బుస్సుమని గాలి లోపలికి పోయి, ఆ తర్వాత బండి మంచిగా నడిస్తే ట్యాంకు గాలి రంధ్రం మూసుకుపోయింది. అది కాకపోతే ట్యాంకులోని జాలీ, ఫిల్టర్. ఫిల్టర్ కింది బోల్టు వదిలి నీళ్లున్నాయేమో ఒక గాజు సీసాలో పట్టి చూడు. నీళ్లు అడుగున నిలబడి తెలిసిపోతాయి. వీటన్నింటి తర్వాతే పంపు ముచ్చట.

పరకాల శ్రోత: నాజిళ్ల పైసలు ఉత్తగనే పోయినట్టేనా అన్నా?

మెకానిక్: పాతవి పారేయలేదు కదా? తీసిపెట్టు. డీజిల్ ల్యాబులో టెస్టింగ్ మిషన్ మీద పెడితే పిచికారీ ఎట్లా పడుతున్నదో తెలుస్తుంది. మంచిగా ఉంటే స్పేరుకు పనికొస్తాయి.

యాంకర్: తర్వాతి కాల్ ఆసిఫాబాద్ నుంచి. చెప్పండి.

ఆసిఫాబాద్ శ్రోత: నమస్కారం సార్. మా దగ్గర చలి సంగతి మీకు తెలుసు. పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజిన్ ఊగుతుంది, తెల్ల పొగ, కండ్లు మండుతాయి. ఐదు పది నిమిషాలకు సర్దుకుంటుంది. కొన్నాళ్ల నుంచి వేడయినాక కూడా కొంచెం ఊపు ఉంటున్నది.

మెకానిక్: ఆ పొగ డీజిల్ వాసన వస్తున్నదా?

ఆసిఫాబాద్ శ్రోత: ఘాటుగా, పచ్చి డీజిలే.

మెకానిక్: అంటే డీజిల్ లోపల పడుతున్నది కానీ కాలట్లేదు. డీజిల్ ఇంజిన్‌లో గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే మంట అంటుకుంటుంది. నొక్కుడు తగ్గినా, నాజిల్ పిచికారీ చేయకుండా చుక్కలు కార్చినా చల్లని ఇంజిన్‌లో అది సగమే కాలుతుంది. మీ బండికి చల్లని ఇంజిన్ లోపల వేడి చేసే హీటర్ ప్లగ్గులు ఉన్నాయా? ఉంటే వైరు తీసి మీటరు పెట్టించండి. కాలిపోయినది దొరుకుతుంది. అయితే మీకు వేడయినాక కూడా ఊపు ఉందంటున్నారు, కాబట్టి ప్లగ్గు ఒక్కటే కాదు. ఏ సిలిండర్ పని చేయట్లేదో ముందు పట్టుకోవాలి. మీది పాత పంపు బండా, లేక కంప్యూటర్‌తో నడిచే కామన్ రైలా?

ఆసిఫాబాద్ శ్రోత: పాతదే సార్. కంప్యూటర్ ఏమీ లేదు.

మెకానిక్: అయితే ఇంజిన్ స్లోలో పెట్టి, నాజిల్ దగ్గర డీజిల్ పైపు నట్టును ఒక్కొక్కటిగా అరచుట్టు వదలాలి. మంచి సిలిండర్ నట్టు వదిలితే ఇంజిన్ గొంతు వెంటనే పడిపోతుంది. ఏది వదిలినా తేడా రాదో అదే చచ్చిన సిలిండర్. నట్టు మీద గుడ్డ కప్పాలి, కండ్లద్దాలు పెట్టుకోవాలి, చెయ్యి ఎదురుగా పెట్టొద్దు, వేడి సైలెన్సర్ పైపు మీద డీజిల్ పడకుండా చూసుకోవాలి. మీకు అలవాటు లేకపోతే మెకానిక్‌తోనే చేయించండి.

ఇక్కడ అందరు శ్రోతలకూ ఒక మాట గట్టిగా చెప్పాలి. కామన్ రైల్ బండి అయితే ఈ పని అస్సలు చేయొద్దు. లారీ టైరులో గాలి 8 బార్ దగ్గర ఉంటుంది. కామన్ రైల్ పైపులో 1,000 బార్ పైకి కూడా పోతుంది. ఆ డీజిల్ ధార తోలు చీల్చి కండలోకి పోతుంది. బయటికి సూది పోటంత గాయమే కనిపిస్తుంది, మొదట్లో నొప్పి కూడా అంతగా ఉండదు. అందుకని ఇంటికి పోయి పడుకుంటే వేలు, చెయ్యి తీసేయాల్సి రావచ్చు. అట్లా జరిగితే ఆ గంటలోనే వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రికి పోయి, లోపలికి డీజిల్ పోయిందని చెప్పాలి. కొత్త పిల్లలు షెడ్డులో పని నేర్చుకుంటూ పాత బండికి చేసినట్టే దీనికీ చేస్తున్నారు. నాకు ఆ భయం ఎప్పుడూ ఉంటుంది.

యాంకర్: మరి కామన్ రైల్ బండ్లకు దారి ఏంది?

మెకానిక్: బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెట్టి ఒక్కొక్క ఇంజెక్టర్‌ను, అంటే ఆ బండ్ల నాజిల్‌ను, ఆపి చూడొచ్చు. పాత బండికైనా, కొత్త బండికైనా పనికొచ్చే ఇంకో పద్ధతి, దూరం నుంచి వేడి చూపించే థర్మామీటర్. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసిన కొద్ది నిమిషాల్లో ఒక్కో సిలిండర్ పొగ బయటికి వచ్చే చోట చూపిస్తే, పని చేయనిది మిగతా వాటికంటే చల్లగా ఉంటుంది. ఏ నట్టూ విప్పే పని లేదు.

ఆసిఫాబాద్ శ్రోత: సిలిండర్ దొరికినాక నాజిల్ మార్చాలా సార్?

మెకానిక్: కొనొద్దు, ముందు మార్చి పెట్టి చూడండి. చచ్చిన సిలిండర్ నాజిల్ తీసి పక్క సిలిండర్‌కు, దానిది దీనికి వేయండి. మిస్ కూడా పక్కకు పోతే నాజిల్‌దే తప్పు. అక్కడే ఉంటే నాజిల్ మంచిదే. అప్పుడు వాల్వులను తెరిచే టాపెట్లు చూడాలి. టాపెట్ బిగుతుగా ఉంటే వాల్వు పూర్తిగా కూర్చోదు, నొక్కుడు బయటికి పోతుంది. కంపెనీ చెప్పిన గ్యాప్ ప్రకారం సన్న రేకుల ఫీలర్ గేజ్ పెట్టి సరిచేయడం ఒక పూట పని. అప్పటికీ పోకపోతే కంప్రెషన్, అంటే సిలిండర్‌లో నొక్కుడు ఎంత ఉందో, గేజ్ పెట్టి చూడాలి. ఇంకోటి, చలికి కొందరు ఇంజిన్ కింద మంట పెడతారు. దయచేసి మానుకోండి. జిడ్డు పట్టిన ఇంజిన్, పక్కనే డీజిల్ పైపులు.

యాంకర్: హనుమకొండ నుంచి సీఎన్‌జీ బండి కాల్. కొంచెం క్లుప్తంగా అడగండి.

హనుమకొండ శ్రోత: సార్, చిన్న పికప్, పెట్రోల్ మీద మంచిగా నడుస్తుంది. సీఎన్‌జీకి మార్చగానే లోడు మీద జర్కులు. గ్యాస్ కిట్ పోయిందా?

మెకానిక్: ముందు స్పార్క్ ప్లగ్గులు చూడండి. గ్యాస్‌ను అంటించడానికి పెట్రోల్ కంటే బలమైన స్పార్క్ కావాలి. ప్లగ్గు అరిగి గ్యాప్ పెరిగితే పెట్రోల్ మీద సర్దుకుంటుంది, గ్యాస్ మీద బయటపడుతుంది. తర్వాత ప్లగ్గుకు కరెంటు ఇచ్చే కాయిల్. స్కానర్‌లో పి0302 అని వస్తే రెండో సిలిండర్ మిస్ అని అర్థం. ఆ కాయిల్‌ను మూడో దానికి వేసి మళ్లీ చూస్తే, కోడ్ పి0303 అయితే కాయిల్ పోయింది. అది కాకపోతే గ్యాస్ ఫిల్టర్, ప్రెషర్. చెక్ ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంటుంటే మాత్రం నడపకండి. కాలని ఇంధనం పోయి సైలెన్సర్ లైన్లో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది, అది చాలా ఖరీదు. గ్యాస్ సిలిండర్‌కు మూడేళ్లకోసారి చేసే హైడ్రో టెస్ట్, అంటే నీళ్ల ఒత్తిడి పరీక్ష, అయిందో లేదో కూడా చూసుకోండి.

యాంకర్: చివరి కాల్ నర్సంపేట నుంచి. అక్కా, మాట్లాడండి.

నర్సంపేట శ్రోత: నమస్తే అన్నా. మాది పాల బండి. మా ఆయన నడుపుతాడు, లెక్కలు నేను చూస్తా. నెల నుంచి ఇంజిన్ ఊగుతున్నది. షెడ్డుకు పోతే చూడంగనే ఇంజిన్ మొత్తం దించాలి, బోరు పని, అంటే అరిగిన సిలిండర్ల పని, చేయాలి అన్నరు. అంత డబ్బు ఇప్పుడు మా దగ్గర లేదు. నిజంగానే అవసరమా?

మెకానిక్: అక్కా, చూడంగనే ఎవరూ చెప్పలేరు. రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతున్నాయా?

నర్సంపేట శ్రోత: రోజూ పోస్తున్నడు. కింద కారింది లేదు.

మెకానిక్: ఆయిల్ స్టిక్ తీసి చూశారా? ఆయిల్ తెల్లబడి నురగలాగా ఉందా?

నర్సంపేట శ్రోత: లేదు, నల్లగానే ఉంది.

మెకానిక్: పొద్దున చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసిన నిమిషానికే రేడియేటర్ పై గొట్టం గట్టిపడుతున్నదేమో పట్టి చూడమనండి. గట్టిపడితే సిలిండర్ గాలి నీళ్లలోకి పోతున్నట్టు, అంటే ఇంజిన్‌కు, దాని పై మూత హెడ్‌కు మధ్య ఉండే హెడ్ గాస్కెట్ మీద అనుమానం. వేడి ఇంజిన్ మీద మాత్రం రేడియేటర్ మూత తీయొద్దు. ఆ తర్వాత కంప్రెషన్ చూపించి, నాలుగు సిలిండర్ల నంబర్లు కాగితం మీద రాయించుకోండి. పక్కపక్క సిలిండర్లు రెండూ తక్కువ చూపిస్తే వాటి మధ్య గాస్కెట్ కాలి ఉంటుంది. అది హెడ్ విప్పి చేసే పని, బోరు దాకా పోదు. నాలుగూ తక్కువగా ఉండి, నీలం పొగ వస్తూ ఆయిల్ తాగుతుంటే అప్పుడు బోరు, రింగుల మాట నమ్మొచ్చు.

నర్సంపేట శ్రోత: నంబర్లు అడిగితే కోపం చేస్తరేమో అన్నా.

మెకానిక్: బండి మీది, డబ్బు మీది. అడగడం మీ హక్కు. మంచి మేస్త్రి అయితే సంతోషంగా చూపిస్తాడు. హెడ్ విప్పేటప్పుడు మీరో, మీ ఆయనో దగ్గరుండండి. కాలిన గాస్కెట్ మీద నల్లని దారి కండ్లకే కనిపిస్తుంది. హెడ్ వంగిందేమో పట్టీ పెట్టి చూడకుండా కొత్త గాస్కెట్ వేస్తే కొన్నాళ్లకే మళ్లీ పోతుంది. బోల్టులు బిగుతు కొలిచే టార్క్ రెంచ్‌తోనే బిగించాలి.

నర్సంపేట శ్రోత: అప్పటిదాకా పాలు వేసుకుని నడపొచ్చా?

మెకానిక్: వద్దక్కా. రాత్రి నిలబెట్టినప్పుడు సిలిండర్‌లోకి నీళ్లు చేరితే, పొద్దున సెల్ఫ్ కొట్టగానే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అప్పుడు నిజంగానే ఇంజిన్ మొత్తం దించాల్సి వస్తుంది. నాలుగు రోజులు పాలకు వేరే బండి మాట్లాడుకోండి.

నర్సంపేట శ్రోత: మా మరిదికి ట్రాలీ ఆటో ఉంది, అడుగుతా. కంప్రెషన్ ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చూపియ్యాలా, వేడి మీదనా?

మెకానిక్: షెడ్డులోనే నీళ్ల మట్టం చూసి నింపి, కాసేపు నడిపి వేడి చేశాక. బ్యాటరీ ఫుల్ చార్జి ఉండాలి, లేకపోతే నంబర్లు తక్కువగా వస్తాయి. పెట్రోల్ బండి గేజ్ కాకుండా డీజిల్ గేజే ఉండాలి. ఒక్కో సిలిండర్‌కు సెల్ఫ్ అంతే సేపు కొట్టమనండి.

నర్సంపేట శ్రోత: డీజిల్ గేజ్, బ్యాటరీ ఫుల్. రాసుకున్న అన్నా.