దుకాణపు బల్ల మీది కంప్యూటర్లు: అక్కాతమ్ముళ్ల పాడ్‌కాస్ట్, సంభాషణ పాఠం

తమ్ముడు: నమస్కారం. ఈ వారం అంశాన్ని కిందటి భాగంలోనే ప్రకటించాము: ఎనభైల నాటి కంప్యూటర్ ఆటల క్యాసెట్ల అట్టబొమ్మలు.

అక్క: అట్టబొమ్మలంటావా, అవి పచ్చి అబద్ధాలే గానీ అవసరమైన అబద్ధాలు. సింక్లెయిర్ కంపెనీ స్పెక్ట్రమ్ కంప్యూటర్ తెర మీద ఎనిమిదేసి చుక్కల చదరం ఒక్కొక్కదానిలో రెండు రంగులకు మించి పట్టేవి కావు కనుక, కథానాయకుడు గోడ పక్కకు వెళ్లగానే రెండింటి రంగులూ కలగలిసిపోయేవి. ఆ లోటును ఊహతో పూడ్చుకోవలసిన పిల్లలకు అట్ట మీది బొమ్మే ఆధారం. ఇంతకుమించి నాకు ఈ అంశంలో చెప్పాలని లేదు.

తమ్ముడు: గంటసేపు మాట్లాడడానికి నేను రాసుకున్న కాగితాలను ఏం చేయమంటావు?

అక్క: పక్కన పెట్టు. నా ధ్యాస ఆ క్యాసెట్లను అమర్చిన అరల మీద, ఆ అరల ముందు నిలబడ్డ మనుషుల మీద ఉన్నది. కంప్యూటర్‌ను ఇళ్లలోకి తెచ్చినవాడు ఇంజనీరు కాదు, దుకాణదారు.

తమ్ముడు: పాల్ టెరెల్ వచ్చేశాడు. శ్రోతలు దయచేసి కుర్చీల్లో సర్దుకుని కూర్చోవాలి.

అక్క: ఎన్నిసార్లయినా వస్తాడు. 1976లో స్టీవ్ జాబ్స్ అమెరికాలో మౌంటెన్ వ్యూలోని బైట్ షాపు అనే కంప్యూటర్ల దుకాణానికి వెళ్లినప్పుడు, ఆపిల్ కుర్రవాళ్లు ఉత్త సర్క్యూట్ పలకలు అమ్ముకుంటే చాలుననుకున్నారు; కొన్నవాళ్లే చిప్పులు తెచ్చుకుని టంకం వేసుకోవాలి. దుకాణం యజమాని టెరెల్ మాత్రం ఒక్కొక్కదానికి 500 డాలర్ల చొప్పున 50 తీసుకుంటానని, అయితే అన్నీ అతికించి ఇస్తేనే డబ్బు ఇస్తానని చెప్పాడు. టంకం వేయడం రాని మనిషి కూడా కొంటాడన్న సంగతి ఆ బల్ల వెనక నిలబడినవాడికి ముందు తెలిసింది.

తమ్ముడు: తీరా వాళ్లు తెచ్చి ఇచ్చినవాటికి కీబోర్డు లేదు, పెట్టె లేదు, విద్యుత్ సరఫరా భాగం కూడా లేదు. అయినా జాబ్స్ జతగాడు వాజ్నియాక్ గీసిన సర్క్యూట్ లేకపోతే టెరెల్ ఏం అమ్మేవాడు? మన బ్రిటన్ కంప్యూటర్ల తయారీదారు సింక్లెయిర్ సంగతి చూడు. 1981లో జెడ్ఎక్స్81 కంప్యూటర్‌ను అతికించినదైతే 69.95 పౌండ్లకు, విడిభాగాలైతే 49.95 పౌండ్లకు తపాలా ద్వారానే ఇచ్చాడు. నడుమ దుకాణమే లేదు. తలుపు దగ్గర పోస్టుమ్యాన్, చేతిలో టంకం కడ్డీ, ఒక స్క్రూడ్రైవర్ ఉంటే చాలు.

అక్క: అప్పుడే స్క్రూడ్రైవర్ దాకా వచ్చావా?

తమ్ముడు: క్యాసెట్ రికార్డర్‌లో టేపును చదివే హెడ్ పక్కన ఉండే చిన్న మరను సరిచేయడం రానివాడికి ఆ కాలం గురించి మాట్లాడే అర్హత లేదని నేను చాలాకాలంగా చెబుతున్నాను. హెడ్ ఒక్క పిసరు ఒరిగినా ఆట క్యాసెట్ నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కదు.

అక్క: తపాలాలో తెప్పించుకోవాలంటే ముందు అదేమిటో తెలిసి ఉండాలి. అదే సింక్లెయిర్ తరువాత ఆ యంత్రాన్ని వార్తాపత్రికలు, కలాలు అమ్మే డబ్ల్యూ.హెచ్. స్మిత్ దుకాణాలకు ఎందుకిచ్చాడు? పేపరు కొనుక్కోవడానికి వచ్చిన నాన్నలాంటి వాళ్లు అక్కడే మొదటిసారి కంప్యూటర్‌ను చూశారు. చూడడమే కాదు, వాళ్ల పిల్లలు దాని మీద చేతులు వేశారు.

తమ్ముడు: చేతులు వేసిన మాట నిజం. నేను రాసిన మొట్టమొదటి ప్రోగ్రామ్ అలాంటి బల్ల దగ్గరే రాశాను. 10వ వరుసలో ప్రింట్, అంటే తెర మీద రాయమని, దాని పక్కన అక్క గురించి ఒక నిజం. 20వ వరుసలో గోటూ 10, అంటే మళ్లీ 10వ వరుసకు పొమ్మని. తెర నిండా అదే వాక్యం కింది నుంచి పైకి పాకుతూ ఉంటే, నేను ఏమీ ఎరగనివాడిలా జనవరి డైరీల దగ్గర నిలబడ్డాను.

అక్క: దానిని దుకాణం నిండా ఉన్న జనమంతా చదివారు. అమ్మకాలు చూసే అమ్మాయి వచ్చి తీగ పీకేసింది, అందులో రాసినదంతా పోయింది. అదే నా వాదన. మీటలు నొక్కితే యంత్రం మాట వింటుందని, కరెంటు పోతే మరిచిపోతుందని నీకు బడిలో ఎవరూ చెప్పలేదు. వస్తువును కొనకముందే, కొనే స్తోమత లేకపోయినా, గంటలకొద్దీ వాడుకోనిచ్చిన చోటు అది.

తమ్ముడు: వాడుకోనిచ్చారు, సరే. నాన్న క్యాసెట్ తిరిగి ఇవ్వడానికి వెళ్లిన రోజు గురించి కూడా చెప్పు.

అక్క: అది వేరే దుకాణం.

తమ్ముడు: ఏ దుకాణమైతేనేమి? ఆట ఎక్కలేదు. అయిదు నిమిషాలు తెర మీద చారలు చూస్తూ టేపు గోల విన్న తరువాత తెర ఖాళీ అయిపోయేది. రెండు క్యాసెట్లు పట్టే టేపు రికార్డర్ మీ ఇంట్లో ఉన్నదా అని ఆ దుకాణదారు నాన్నను అడిగాడు. నకలు తీసుకుని అసలుది తిరిగి ఇచ్చేవాళ్లు ఉండేవారు, కాదనను. 1984లో జెట్ సెట్ విల్లీ అనే ఆటతో పాటు రంగుల సంకేతాల కార్డు పెట్టినది ఆ భయంతోనే. రంగులు సరిగా చెప్పకపోతే ఆట మొదలయ్యేది కాదు. కానీ నాన్నకు ఆ ప్రశ్నలోని నింద ముందు అర్థం కాలేదు. అర్థమైన తరువాత ఆయన మళ్లీ ఆ వీధిలోకి రాలేదు.

అక్క: ఆయన ఆ మాట నాకు ఎన్నడూ చెప్పలేదు.

తమ్ముడు: నేను పక్కనే ఉన్నాను కనుక నాకు తెలుసు. ఇంటికి వచ్చి హెడ్ మరను పావు వంతు తిప్పితే ఆట ఎక్కింది.

అక్క: ఈ వేళ మాత్రం నీ స్క్రూడ్రైవర్‌ను ఏమీ అనను. అయినా ఒక్క దుకాణదారు దురుసుతనంతో అందరినీ కొలవకూడదు. 1983 నాటి అమెరికా వాళ్ల చాకచక్యం చూడు. కంప్యూటర్ గానీ, టీవీ ఆటల యంత్రం గానీ పాతది ఏదైనా తెచ్చి ఇస్తే, తన కమొడోర్ 64 కంప్యూటర్ మీద 100 డాలర్లు తగ్గిస్తామని కమొడోర్ సంస్థ ప్రకటించింది. అప్పటికి టైమెక్స్ సింక్లెయిర్ 1000 అనే చిన్న కంప్యూటర్ ధర 50 డాలర్లకు దిగింది. దానిని కొని, మార్పిడికి ఇచ్చి, మిగులు జేబులో వేసుకోమని కొందరు అమ్మకందారులే సలహా ఇచ్చారు.

తమ్ముడు: నీ దుకాణదారులను ముంచినది ఆ ధరల యుద్ధమే. 595 డాలర్లతో మొదలైన కమొడోర్ 64 ఏడాది తిరిగేసరికి సగం కన్నా తక్కువకు వచ్చింది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ నష్టాలు భరించలేక ఆ అక్టోబరులో ఇంటి కంప్యూటర్లనే వదులుకున్నది. కమొడోర్ తన యంత్రాలను అన్ని సరుకులూ అమ్మే కే-మార్ట్‌లో దుప్పట్ల పక్కన పేర్చినప్పుడు, ఓపికగా కూర్చోబెట్టి నేర్పిన చిన్న దుకాణాలు ఆ ధరకు ఎక్కడ అమ్మగలవు?

అక్క: కే-మార్ట్ దుకాణం కాదా?

తమ్ముడు: అక్కడ నిలబడి గోటూ అంటే ఏమిటని అడిగితే ఎవరు చెబుతారు?

అక్క: మాస్టర్‌ట్రానిక్ కంపెనీ ఆటలు 1.99 పౌండ్లకు పెట్రోలు బంకుల్లో కూడా దొరికేవి. అక్కడా ఎవరూ చెప్పలేదు. నువ్వు కొనకుండా ఉన్నావా?

తమ్ముడు: ఆట వేరు, యంత్రం వేరు. ఆటకు నేర్పేవాడు అక్కరలేదు.

అక్క: హెడ్ మర తిప్పడం మాత్రం నేర్పాలా?

తమ్ముడు: అది ఎవరికి వారే నేర్చుకోవాలి. అమ్మ ఫోన్ చేస్తున్నది, రికార్డింగ్ ఆపుతున్నాను.