తిరుమల కొండలో లెక్క తేలని 50 కోట్ల ఏళ్లు

తిరుపతిలో దిగి కొండ వైపు తలెత్తి చూడండి. కింది భాగం ఏటవాలుగా, పొదలతో, అక్కడక్కడ గుండ్రటి బండలతో ఉంటుంది. పై భాగం గోడ కట్టినట్టు నిటారుగా, వరసలు వరసలుగా, ఎర్రగా లేచి ఉంటుంది. ఏటవాలు ఆగి గోడ మొదలయ్యే చోట ఒక గీత ఉంది. ఈ రోజు మనం మాట్లాడుకునేది ఆ గీత గురించే.

గీతకి కింద గ్రానైట్. వయసు 210 కోట్ల ఏళ్లకు పైమాటే. గీతకి పైన నగరి క్వార్ట్‌జైట్, అంటే ఒకప్పటి ఇసుక గట్టిపడి రాయయింది. దానికి మామూలుగా చెప్పే వయసు 160 కోట్ల ఏళ్లు. రెండు రాళ్లూ ఒకదాన్నొకటి ఆనుకునే ఉన్నాయి, మధ్యలో 50 కోట్ల ఏళ్ల నాటి రాయి మాత్రం లేదు. కొత్త కొలతలు వచ్చినప్పుడల్లా ఈ అంకెలు కాస్త అటూఇటూ జరుగుతుంటాయి, కానీ ఆ ఖాళీ చాలా పెద్దదన్న మాట మారదు. 1872లో జియలాజికల్ సర్వేకి చెందిన విలియం కింగ్ దీన్ని గుర్తించారు. శాస్త్రంలో దీని పేరు ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ.

ఖాళీ ఉందని ఎలా తెలుస్తుంది? గ్రానైట్‌లో నల్లరాయి పట్టీలు కనిపిస్తాయి. భూమి లోపలి నుంచి కరిగిన రాయి పగుళ్లలోకి దూరి గట్టిపడితే ఏర్పడే డోలరైట్ డైక్‌లు అవి. ఆ పట్టీ పైకి పైకి వచ్చి, సరిగ్గా గీత దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోతుంది. పై రాయిలోకి పోదు. అంటే నల్లరాయి చల్లారి, గ్రానైట్‌తో పాటే అరిగి నేలమట్టమయ్యాకే పైన ఇసుక పడడం మొదలైంది. ఆ ఇసుకరాయి అడుగు పొరలో గులకరాళ్లు ఇరుక్కుని ఉంటాయి, పాత నేల మీద నీళ్లు దొర్లించినవి. నన్ను అడిగితే, వయసు అంకెల కంటే ఈ తెగిన పట్టీయే గట్టి సాక్ష్యం.

కొండ ఆకారం కూడా ఈ గీత చలవే. గ్రానైట్ ఎండకీ వానకీ పొరలు ఊడి, గరుకు ఇసుకగా రాలుతుంది. అందుకే ఆ వాలు. క్వార్ట్‌జైట్ అలా రాలదు. చాకు మొనతో గీసినా గీత పడదు. అయితే దానిలో నిలువు పగుళ్లు ఉంటాయి, విరిగితే వాటి వెంటే దిమ్మలుగా విరుగుతుంది. పొరలు దాదాపు చదునుగా పరుచుకుని ఉండడం వల్ల కొండ పైభాగం కూడా చదునే. అలిపిరి నుంచి నడిచేవాళ్లకి ఇది కాళ్లకే తెలుస్తుంది: గాలిగోపురం దాకా ఊపిరాడనివ్వని ఎక్కుడు, ఆ తర్వాత చాలాదూరం హాయిగా నడక.

ప్రమాదం కూడా అక్కడే ఉంది. వాననీరు నిలువు పగుళ్లలోకి దిగుతుంది, చెట్ల వేళ్లు వాటిని ఇంకా వెడల్పు చేస్తాయి. కింద మెత్తబడ్డ రాయి కొట్టుకుపోతే పైదిమ్మకి ఆనిక ఉండదు. 2021 నవంబరులో కుండపోత వానలు కురిశాయి, డిసెంబరు 1న ఎగువ ఘాట్ రోడ్డు మీద పెద్ద బండరాళ్లు జారిపడ్డాయి, రోడ్డు దెబ్బతింది. గుర్తుంచుకోవాల్సింది ఏంటంటే, వాన ఆగగానే ప్రమాదం పోదు. పగుళ్లలో చేరిన నీరు వెంటనే ఇంకిపోదు. ఘాట్ రోడ్డులో ఫోటో కోసం బండి ఆపొద్దనడానికి ఇది కూడా ఒక కారణం.

గుడికి సుమారు కిలోమీటరు దూరంలో ఉన్న శిలాతోరణం కూడా ఈ క్వార్ట్‌జైటే. వెడల్పు 8 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు. కింది బలహీనమైన పొరలు గాలికీ నీటికీ అరిగిపోయాయి, పై గట్టి పొర మిగిలింది. ఎవరూ చెక్కలేదు. తలకోన దగ్గర అదే జాతి రాతిగోడ మీంచి నీళ్లు సుమారు 270 అడుగులు దూకుతాయి.

ఈ రాతి నేలలో నీళ్లు నిలవవు, మట్టి పల్చన. ఎర్రచందనానికి కావలసింది సరిగ్గా అదే. చేవ ఎంత బరువంటే, దుంగ నీళ్లలో మునుగుతుంది. ఇక్కడే పేరిత అనే సైకస్ ఉంది, చూడ్డానికి పొట్టి ఈతచెట్టులా ఉంటుంది. దాని ఇల్లు ఈ కొండలూ, కడప వైపు కొండలే. గడ్డికి నిప్పంటుకుంటే ఆకులు మాడినా మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. కానీ మందుల కోసం మగకంకులు కోసేస్తే విత్తనం కట్టదు. 1989లో 353 చదరపు కిలోమీటర్లు శ్రీ వెంకటేశ్వర జాతీయ ఉద్యానవనం అయ్యాయి, 2010లో శేషాచలం జీవావరణ పరిరక్షణ ప్రాంతం వచ్చింది. అంటే ఇక్కడి నుంచి రాయి ముక్క కూడా జేబులో వేసుకోకూడదు.

చివరిగా ఒకటి దగ్గరగా చూడండి. నీడగా ఉండే బండల కింద, చేతికందని ఎత్తులో, తెల్లటి గుండ్రటి మచ్చలు గుంపుగా కనిపిస్తే అది సున్నం అనుకోకండి. బంగారు బల్లులు రాతికి అతికించిన గుడ్ల పెంకులవి. చాలా ఆడబల్లులు ఒకే చోట పెడతాయి. పగలు అవి పగుళ్లలోపలే ఉంటాయి, చీకటి పడ్డాక అరుపు వినిపిస్తుంది.