ఎసరు మరిగాక మంట పెంచితే?

శ్రోతలకు నమస్కారం.

నెల్లూరు నుంచో ఒంగోలు నుంచో బెంగళూరు వచ్చి కాపురం పెట్టినవాళ్లు తరచూ అనే మాట ఒకటుంది: "ఇక్కడ గిన్నెలో పప్పు ఓ పట్టాన ఉడకదండీ!" అని. పప్పు మంచిది కాదేమో అనుకుంటారు. అసలు సంగతి ఊరి ఎత్తులో ఉంది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. ఇక్కడ గాలి ఒత్తిడి తక్కువ. అందుకే నీళ్లు చెన్నైలోలాగా 100 డిగ్రీల దగ్గర కాకుండా, సుమారు 97 దగ్గరే మరిగిపోతాయి.

సరే, మంట పెంచితే? ఎసరు ఇంకా కళపెళా మరుగుతుంది గానీ ఉష్ణోగ్రత ఆ 97 దాటదు. మనం ఇచ్చే వేడంతా నీటి అణువులను విడదీసి ఆవిరి చేయడానికే పోతుంది. నీళ్లు తొందరగా ఇంకిపోతాయి, పప్పు మాత్రం తొందరగా ఉడకదు. కాబట్టి ఎసరు మరిగాక సిమ్‌లో పెట్టేయండి, గ్యాస్ మిగులుతుంది.

మంచు కరిగేటప్పుడూ ఇంతే. వేడి ఇస్తూనే ఉన్నా, మంచూ నీళ్లూ కలిసి ఉన్నంతసేపు ఉష్ణోగ్రత సున్నా దగ్గరే ఉంటుంది. 1760ల తొలినాళ్లలో గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ అనే శాస్త్రవేత్త దీన్ని కొలిచి చూశాడు. మంచు కరిగే స్థితికి చేరాక, మరికాస్త వేడి తగిలితే చాలు, మొత్తం కరిగిపోతుందని అప్పట్లో అనుకునేవారు. అదే నిజమైతే ఎండ రాగానే కొండల మీది మంచంతా ఒక్కసారిగా కరిగి ఊళ్లను ముంచేయాలి కదా అన్నాడాయన. ఎంత చక్కని ఆలోచనో చూడండి! థర్మామీటరుకు అందని ఈ వేడినే మన పాఠ్యపుస్తకాలు గుప్తోష్ణం అంటాయి.

ఒక గ్రాము మంచు కరగడానికి 80 కేలరీలు కావాలి. ఆ నీటిని సున్నా నుంచి 100 డిగ్రీలకు తేవడానికి మరో 100. దాన్ని ఆవిరి చేయడానికి మాత్రం ఏకంగా 540! ఆ ఆవిరి చల్లని పిండిని తాకి మళ్లీ నీరయ్యేటప్పుడు ఈ వేడినంతా తిరిగి ఇచ్చేస్తుంది. ఇడ్లీ ఉడికేది అలాగే. చేతికి తగిలినా అంతే, మరిగే నీళ్లకన్నా ఆవిరి ఎక్కువ కాలుస్తుంది. ఇడ్లీ పాత్ర మూత తీసేటప్పుడు ఆవిరి అవతలి వైపు పోయేలా వంచి తీయండి. పిల్లలను పొయ్యి దగ్గరకు రానివ్వకండి.