పాత వీడియో గేముల పాఠపరిష్కరణ
(కడపలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

సి.పి. బ్రౌన్ ఈ ఊళ్లో బంగళా కొని, సొంత ఖర్చుతో పండితులను పెట్టుకొని, ఒకే కావ్యానికి దొరికినన్ని తాళపత్ర ప్రతులను తెప్పించి, పాఠభేదాలు గుర్తింపజేసి శుద్ధప్రతులు రాయించారు. పాత వీడియో గేమును కాపాడటమూ అటువంటి పనే కాబట్టి, దాని గురించి మాట్లాడటానికి కడప కన్నా తగిన చోటు నాకు తోచలేదు.

నా చేతిలో ఉన్న ఈ క్యాసెట్ చిన్నప్పుడు మా ఇంటి టీవీ గేములో పెట్టి ఆడినది. మూత విప్పితే లోపల చిన్న ఆకుపచ్చ బోర్డు, దాని నడుమ లక్కలా గట్టిపడిన నల్లటి ముద్ద, అంచున రెండు వైపులా 30 చొప్పున సన్నని రాగి రేకులు కనిపిస్తాయి. ఆటంతా ఆ ముద్ద కింది చిప్పులోనే ఉంది. ఆట రానప్పుడల్లా నోటితో ఊదేవాళ్లం. ఆ తడికి రేకులు చిలుము పట్టాయి.

చిప్పులో ఉన్నదాన్ని కంప్యూటరులోకి దించుకోవడాన్ని డంప్ చేయడం అంటారు. రేకు సరిగా ఆనకపోతే తప్పులు దొర్లుతాయి కనుక రెండు మూడు సార్లు దించి, చెక్‌సమ్‌లు (ప్రతిలోని అంకెలన్నిటి నుంచి లెక్కగట్టే సరిచూపు సంఖ్యలు) కలిశాయో లేదో చూసి, ఇతరుల ప్రతులతోనూ పోల్చుకోవాలి. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కిలోబైట్లే. అంత చిన్న గ్రంథంలో ఒక్క అక్షరం తప్పినా ఆట నడక చెడిపోవచ్చు. మన బజార్లలో దొరికిన క్యాసెట్లలో ఆట పేరు మార్చి, తయారుచేసినవారి పేరు చెరిపేసిన నకళ్లు ఎన్నో ఉన్నాయి. అవి తప్పుడు ప్రతులే అయినా మన పిల్లలు ఆడినవి అవే కనుక, ఆ పాఠభేదాలనూ భద్రపరచాలని నా అభిప్రాయం.

ఇక రీమేకుల సంగతి. 1998లో వచ్చిన రెసిడెంట్ ఈవిల్ 2ను 2019లో మళ్లీ మొదటి నుంచి కట్టారు. చక్కటి ఆట, నాకు ఇష్టం కూడా. అయితే మూలంలో కెమెరా ఉన్నచోటనే నిలిచి ఉంటుంది గనుక మలుపు అవతలి శత్రువు కనబడక ముందే వాడి అడుగుల చప్పుడు వినబడుతుంది. కెమెరా మన భుజం వెనకే నడిచే రీమేకులో ఆ భయం వేరే భయంగా మారింది. రెండూ ఉండవలసినవే.

మూలం చేజారితే ఏమవుతుందో పాత భయానక ఆటలను కొత్త తెరలకు తగ్గట్టు మళ్లీ తెచ్చిన 2012 నాటి సైలెంట్ హిల్ హెచ్‌డీ సంపుటి చూపించింది. విడుదలైన ఆటల తుది సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు రాత, దొరకక అసంపూర్తి కోడ్‌తోనే పని సాగించారు; ఆటలోని పొగమంచు పలచబడి, దాని మాటున దాచిన లోటుపాట్లు బయటపడ్డాయి.

అదే 2012లో ఆటల రూపకర్త జోర్డాన్ మెక్నర్ తండ్రికి ఇంట్లో ఒక పాత పెట్టె దొరికింది. తమ్ముణ్ణి పరుగెత్తించి, దూకించి, వీడియో తీసి, ఆ కదలికలను ఒక్కొక్క ఫ్రేముగా గీసుకొని మెక్నర్ 1989లో విడుదల చేసిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా సోర్స్ కోడ్ అందులోని ఫ్లాపీల్లో ఉంది. ఏళ్ల తరబడి పోయిందనుకున్న ఆ కోడ్‌ను నిపుణుల సాయంతో చదివించి, ఆయన అందరికీ అందుబాటులో పెట్టారు.

అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు అమ్మకంలో లేవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. మన అటకల మీద ఉన్న క్యాసెట్లను లెక్కపెట్టినవారు కనిపించరు. చదివే పరికరం ఈ బల్ల మీదే ఉంది. క్యాసెట్లు తెచ్చినవారు దయచేసి ఊదకండి. స్పిరిట్‌లో ముంచిన దూదితో రేకులు తుడిచి, పూర్తిగా ఆరాక, ఒక్కొక్కటిగా ఇవ్వండి.