గురి తప్పిన తూటా

అందరికీ నమస్కారం. టీవీ నేర కథల మీద మాట్లాడమన్నారు. పాతిక సీరియళ్ల పేర్లు అప్పజెప్పడం కన్నా ఒక్కదాన్ని గట్టిగా పట్టుకోవడం మేలనుకున్నాను. అది ‘కిల్లింగ్ ఈవ్’. బీబీసీ అమెరికా ఛానల్లో 2018 ఏప్రిల్‌లో మొదలై 2022 ఏప్రిల్‌లో ముగిసింది. నాలుగు సీజన్లు, సీజనుకు 8 భాగాలు. ముగింపు బయటపెట్టకుండా నా మాట పూర్తి కాదు. చూడనివాళ్లు నన్ను క్షమించాలి, లేదా కాసేపు అలా బయట టీ తాగి రావాలి.

కథ చెప్పాలంటే రెండు ముక్కలు చాలు. ఈవ్ పొలాస్ట్రీ లండన్‌లో ఎంఐ5 గూఢచారి సంస్థలో బల్ల ముందు కూర్చుని పనిచేసే నడివయసు ఉద్యోగిని. భర్త పేరు నీకో, లెక్కల మాస్టారు, మంచివాడు. ఐరోపా నగరాల్లో వరసగా హత్యలు జరుగుతుంటే, చేస్తున్నది ఆడమనిషి అయి ఉంటుందని ఈవ్ పసిగడుతుంది. ఆ అనుమానం నిజమే. హంతకురాలు విలనెల్ రష్యన్ యువతి, అసలు పేరు ఒక్సానా. ఆమెకు మంచి బట్టలంటే ప్రాణం, ఎదుటివాళ్ల ప్రాణాలంటే లెక్కలేదు. ఒకరు వెంటాడతారు, ఒకరు పారిపోతారు. ఎవరు ఎవరిని వెంటాడుతున్నారో కొన్నాళ్లకు వాళ్లకే తెలియదు.

రెండో భాగంలో ఒక సన్నివేశం ఉంది. ఆసుపత్రి మరుగుదొడ్డిలో నర్సు వేషంలో ఉన్న విలనెల్, ఎవరో ఏమిటో తెలియని ఈవ్‌కు జుట్టు వదిలేసుకోమని సలహా ఇచ్చి వెళ్లిపోయింది. ఆ తర్వాత అక్కడ హత్యలు జరిగాయి. ఇప్పుడు పోలీసు చిత్రకారుడి ఎదుట కూర్చుని ఈవ్ ఆమె పోలికలు చెప్పాలి. మొదలుపెడుతుంది. పిల్లి కళ్లు, విశాలంగా, అప్రమత్తంగా, నిండు పెదవులు, పొడవైన మెడ, మెరిసే చర్మం, చూపు సూటిగానే ఉంటుంది కానీ మనిషి ఎక్కడో ఉంటుంది. చెబుతూ చెబుతూ తన లోకంలోకి తాను వెళ్లిపోతుంది. ఆ చిత్రకారుడు అంతా విని, ఇంతకీ ముఖం కోలగా ఉంటుందా, నలుచదరమా అని అడుగుతాడు. నాకు ఈ సీరియల్ మొత్తం ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. ఈవ్ ఇస్తున్నది సాక్ష్యం, వింటున్న మనకు అది నాయికా వర్ణన. ఆ తేడా గదిలో ఇద్దరికీ తెలియదు. అతనికి ముఖం ఆకారం కావాలి, అంతే.

నేర పరిశోధన అంటేనే ఒక మనిషిని అదేపనిగా గమనించడం. ఏం తింటుంది, ఎక్కడ పడుకుంటుంది, ఏ అత్తరు పూసుకుంటుంది. ప్రేమలో పడ్డవాళ్లు చేసేదీ అదే. ఈ పోలికను మొదటి సీజన్ ప్రధాన రచయిత్రి ఫీబీ వాలర్-బ్రిడ్జ్ ఉపన్యాసంగా చెప్పలేదు, పనిగా చేయించింది. బెర్లిన్‌లో ఈవ్ సూట్‌కేసు కాజేసిన విలనెల్ దాన్ని ఖరీదైన కొత్త బట్టలతో నింపి పంపుతుంది. ప్రతి గౌనూ ఈవ్ కొలతకు అచ్చంగా సరిపోతుంది. అదే బెర్లిన్‌లో ఈవ్ స్నేహితుడు బిల్‌ను చంపింది కూడా ఆమే. ఈవ్ కోపంతో ఊగిపోవాలి. ఊగిపోతుంది కూడా. కానీ ఒంటరిగా ఇంట్లో ఉన్న రాత్రి ఆ గౌను వేసుకుని, ఆ అత్తరు రాసుకుని అద్దంలో చూసుకుంటుంది. అప్పుడే ఇంట్లో అలికిడి అవుతుంది. కాసేపటికి హంతకురాలు వంటింట్లో ఎదురుగా కూర్చుని, మిగిలిన వంటకాన్ని మైక్రోవేవ్‌లో వేడిచేయించుకుని తింటూ ఉంటుంది. కత్తి ఉంది, భయం ఉంది, భోజనం ఉంది. వీటిలో ఏది తీసేసినా ఆ సన్నివేశం నిలబడదు.

నటుల గురించి ఒక మాట. ఈవ్‌గా చేసిన శాండ్రా ఓ, కొరియా నుంచి కెనడా వెళ్లి స్థిరపడిన తల్లిదండ్రుల బిడ్డ. స్క్రిప్టు వచ్చినప్పుడు ఫోనులో తిరగేస్తూ, ఇందులో నా పాత్ర ఏదని ఏజెంటును అడిగారట. ఈవే మీరు అంటే నమ్మలేదట. పేరులోనే ఉన్న నాయిక పాత్ర తనదై ఉండొచ్చన్న ఊహే రాలేదంటే, అంతకుముందు ఆమెకు వచ్చిన వేషాలు ఎలాంటివో ఊహించుకోండి. 2019లో ఆమెకు గోల్డెన్ గ్లోబ్, విలనెల్‌గా చేసిన జోడీ కోమర్‌కు ఎమ్మీ అవార్డులు వచ్చాయి.

మొదటి సీజన్ చివర పారిస్ ఫ్లాట్‌లో ఇద్దరూ మంచం మీద పక్కపక్కన పడుకుంటారు. ఈవ్ విలనెల్ కడుపులో కత్తి దింపుతుంది. రెండో సీజన్ చివర రోము శిథిలాల్లో విలనెల్ ఈవ్ మీద తుపాకీ పేలుస్తుంది. మూడో సీజన్‌లో బస్సులో కొట్టుకుంటూ ముద్దు పెట్టుకుంటారు, మరుక్షణం ఈవ్ తలతో బాదుతుంది. ఇది ఆదర్శ దాంపత్యం అని నేను అనడం లేదు. కానీ దెబ్బలన్నీ ఒకరి చేతి నుంచి ఒకరికి. కథ నడిచిన నియమం అదే.

నాలుగో సీజన్ ఆ నియమాన్ని ఆఖరి నిమిషాల్లో వదిలేసింది. థేమ్స్ నది మీద పడవలో ఒక పెళ్లి. పైన ఇద్దరు పెళ్లికొడుకులకు ఈవే పెళ్లి జరిపిస్తుంది. కింద విలనెల్ తమను వేధించిన ‘ట్వెల్వ్’ ముఠాను మట్టుపెడుతుంది. ఇద్దరూ డెక్ మీద కలుసుకుని కౌగిలించుకుంటారు. ఎవరో, ఎక్కడి నుంచో, కనిపించకుండా కాలుస్తారు. నదిలోకి దూకినా విలనెల్ చనిపోతుంది. ఈవ్ ఒక్కతే తేలి అరుస్తుంది. అయిపోయింది.

చావు వద్దనడం లేదు. హంతకురాలి కథ చావుతో ముగిస్తే ఎవరికి అభ్యంతరం? కానీ ఈ తూటాను మనం ఇంతకుముందు చూశాం. 2002లో ‘బఫీ’ సీరియల్లో టారా, ప్రియురాలు విల్లోతో మళ్లీ కలిసిన కొద్ది కాలానికే, ఇంకొకరి కోసం పేల్చిన తూటాకు చనిపోయింది. 2016 మార్చిలో ‘ద హండ్రెడ్’లో లెక్సా, ప్రియురాలు క్లార్క్‌తో గడిపిన వెంటనే, క్లార్క్ మీదికి పేల్చిన తూటాకు పోయింది. అదే ఏడాది మేలో ‘పర్సన్ ఆఫ్ ఇంట్రెస్ట్’లో రూట్, సహచరుడు ఫించ్‌కు గురిపెట్టిన తూటాకు పోయింది, చాలాకాలం దూరమైన ప్రియురాలు షా అంతకు కాస్త ముందే దొరికింది. ఇన్నిసార్లు గురి తప్పి, ప్రతిసారీ ఆడదాన్ని ప్రేమించిన ఆడదానికే తగిలే తూటాను యాదృచ్ఛికం అనలేం. 1934 నుంచి హాలీవుడ్ గట్టిగా అమలుచేసిన నిర్మాణ నియమావళి నేరానికి శిక్ష పడాలంది, ఇలాంటి ప్రేమను తెరమీదే వద్దంది. 1968లో ఆ నియమావళి పోయింది. రాసేవాళ్ల చేతి అలవాటు పోలేదు.

మూల నవలల రచయిత ల్యూక్ జెనింగ్స్ కూడా ఊరుకోలేదు. ముగింపు ప్రసారమయ్యాక గార్డియన్ పత్రికలో, ఈవ్, విలనెల్ రేపిన గందరగోళానికి వాళ్లనే శిక్షించినట్టుందని రాశారు. విలనెల్ పుస్తకంలోనైనా తిరిగి వస్తుందని మాట ఇచ్చారు.

ఆఖరి దెబ్బ ఈవ్ చేతిదై ఉంటే నేను ఈ ఫిర్యాదు చేసేవాణ్ని కాదు. కథకు అది పూర్తిగా న్యాయం. ఇక మీ ప్రశ్నలు. మొదటి రెండు సీజన్ల మీద అడిగితే ఓపిగ్గా చెబుతాను. నాలుగోదాని మీద అడిగితే నిర్వాహకులు గడియారం చూసుకోవాల్సి వస్తుంది.