నగ్నత్వమంతా అశ్లీలం కాదు

మిత్రులారా,

2004 జులై 15న ఇంఫాల్‌లోని కాంగ్లా కోట పడమటి ద్వారం ముందు పన్నెండుమంది స్త్రీలు ఒంటిమీది బట్టలు తీసేసి నిలబడ్డారు. పిల్లల్ని కని పెంచిన తల్లులు వాళ్లు. కోట లోపల అస్సాం రైఫిల్స్ ఉండేది. ఆ దళం పట్టుకెళ్లిన తంగ్జం మనోరమ అనే యువతి శవమై దొరికి అప్పటికి నాలుగు రోజులు. ‘మమ్మల్నీ చెరచండి’ అని సైన్యాన్ని నిలదీసే బ్యానరు పట్టుకుని, గేటు ఊపుతూ, గొంతు పగిలేలా అరిచారు. ఆ నవంబరులోనే కాంగ్లా మణిపూర్ ప్రభుత్వం చేతికి వచ్చింది.

ఇది భావప్రకటన కాకపోతే మరేది? కానీ చట్టం ఏమంటుంది? బహిరంగ స్థలంలో ఇతరులకు చీకాకు కలిగేలా అశ్లీల చర్య చేస్తే మూడు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పాత శిక్షాస్మృతి ఐపీసీలోని 294వ సెక్షన్, 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో 296 అయింది. ఏది అశ్లీలమో అందులో లేదు. ఆ క్షణాన తేల్చేది ఎదురుగా ఉన్న పోలీసే.

కోర్టులు కొంత ముందుకు నడిచాయి. టెన్నిస్ ఆటగాడు బోరిస్ బెకర్, ఆయనకు కాబోయే భార్య నగ్నంగా ఉన్న ఫొటోను 1993లో కలకత్తా పత్రిక ప్రచురించింది. జాతి వివక్షను ఎదిరించే ఫొటో అది. 2014లో సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేస్తూ, 1868 నాటి ఇంగ్లీషు కొలమానాన్ని పక్కన పెట్టింది. నగ్నత్వం ఉన్నంత మాత్రాన అశ్లీలం కాదని, సందర్భం చూడాలని చెప్పింది. ఒక తల్లి ఒంటిపై పిల్లలు బొమ్మ వేసిన కేసులో 2023లో కేరళ హైకోర్టు కూడా ఇదే దారి పట్టింది.

బస్సులో ఆడపిల్ల ఎదుట ఒళ్లు చూపించేవాడికి ఈ వాదనలో చోటు లేదు. అది ఎదుటి మనిషి మీద దాడి, శిక్ష పడాల్సిందే. స్త్రీని బలవంతంగా వివస్త్రను చేయడం అంతకంటే ఘోరమైన నేరం.

నా అభ్యంతరం ఒక్కచోటే. ఇదే న్యాయ సంహితలో పుస్తకాలకు, చిత్రాలకు వర్తించే 294వ సెక్షన్‌లో (పాత ఐపీసీ 294 కాదు) కళకు, సాహిత్యానికి, శాస్త్రానికి, గుడి శిల్పానికి మినహాయింపు రాసి ఉంది. రాతి విగ్రహానికి దొరికిన ఆ రక్షణ, బతికున్న మనిషి నిరసనకు 296లో లేదు. దాన్ని అక్కడ కూడా చేర్చాలని పార్లమెంటును అడుగుదాం.